వృద్ధుల సంక్షేమంలో సామర్థ్యం – ఆఖరి దశ ప్రాముఖ్యం

ఒక రసాయనిక చర్య అనేక దశలలో జరిగినప్పుడు, మొత్తం వేగాన్ని నిర్ణయించేది అన్నింటికంటె నెమ్మదిగా సాగే దశ. దానిని సవరించనిదే తక్కిన దశలను ఎంత త్వరపరచినా ప్రయోజనం స్వల్పం. ప్రజాధనంతో నడిచే వృద్ధుల సంక్షేమానికి కూడ ఈ సూత్రం వర్తిస్తుంది.

మనం నివసిస్తున్న ఒమాన్‌లో, 2023 నాటి సామాజిక రక్షణ చట్టం ప్రకారం, 60 ఏండ్లు నిండిన ఒమానీ పౌరులకు 2024 జనవరి నుండి నెలకు 115 రియాళ్ల భృతి లభిస్తున్నది. దీనికి ఆదాయంతో నిమిత్తం లేదు. కనుక ఆదాయ విచారణ అనే దశయే తొలగిపోయింది.

ఆంధ్రప్రదేశ్‌లో పింఛను పేదలకే పరిమితం కాబట్టి ఆ విచారణ తప్పదు. అక్కడ సంస్కరణ పంపిణీ దశలో జరిగింది. 2020 ఫిబ్రవరి నుండి వాలంటీర్లు ఇంటి వద్దనే సొమ్ము అందించారు. 2024 ఏప్రిల్‌లో, ఎన్నికల సమయంలో, వారిని ఆ పని నుండి తప్పించడంతో ఎందరో వృద్ధులు మండుటెండలో సచివాలయాలకు నడిచి వెళ్లవలసి వచ్చింది. మే నెలలో చాలామందికి బ్యాంకు ఖాతాలలో జమ చేశారు. లెక్కల దృష్ట్యా అది సులభమార్గం. కాని బ్యాంకు దూరమైన అవ్వకు శ్రమ తగ్గలేదు. ఉద్యోగి భుజం నుండి ఆమె కాళ్లమీదకు మారింది, అంతే. జూలై నుండి 4000 రూపాయల పింఛనును సచివాలయ సిబ్బంది తిరిగి ఇండ్లకు తీసుకువెళ్లారు.

ఇల్లు చేరినా మరొక చిక్కు కలదు: వేలిముద్ర. వయసుతో చర్మం పలుచబడి, తైలాంశం తగ్గి, పొడిబారుతుంది. జీవితమంతా మట్టిలో, సిమెంటులో పనిచేసిన చేతులకు గీతలు అరిగిపోతాయి. తడి సిమెంటు తీవ్రమైన క్షారం. అది చర్మపు కొవ్వును, కెరటిన్‌ను దెబ్బతీస్తుంది. అట్టి వ్రేళ్లను యంత్రం గుర్తించకపోవడం వృద్ధుల దోషం కాదు. అందుకే కంటిపాప, ముఖ గుర్తింపు వంటి ప్రత్యామ్నాయాలు అవసరం.

పొదుపైన రూపాయలను లెక్కించడం తేలిక. వృద్ధులు వెచ్చించిన గంటలు, వృథాగా తిరిగిన పర్యాయాలు ఏ పద్దులోనూ చేరవు. వాటినీ కొలిచినప్పుడే నిజమైన సామర్థ్యం తెలుస్తుంది. సెలవులలో స్వగ్రామం వెళ్లినప్పుడు, అక్కడి పెద్దలను "పింఛను వస్తున్నదా?" అని మాత్రమే గాక, "అందుకోవడానికి ఎన్నిసార్లు తిరిగారు?" అని కూడ అడుగుదాం. వేలిముద్ర పడనివారికి ఆధార్ వివరాలను నవీకరింపజేసే పనిలో తోడు నిలుద్దాం.