మంచినీటి దానము

మన పూర్వులు సప్తసంతానములలో తటాకమును గూడ నొకటిగా లెక్కించిరి. కన్నబిడ్డవలెనే చెరువును పేరు నిలుపునని వారి విశ్వాసము. భాగవత నవమస్కంధములోని రంతిదేవుని కథ మీ రెఱిగినదే. నలువదియెనిమిది దినములు పస్తుండిన యా రాజు తనకు మిగిలిన కాసిని నీటిని, దప్పిగొని వచ్చిన యొక పుల్కసున కిచ్చివేసెను. క్రైస్తవుల వేదములో యేసు యాకోబు బావికడ నొక సమరయ స్త్రీని దాహమడిగెను. యూదులు ఆ జాతివారితో పొత్తు కూడని కాలమది. ఈ కథలను తలచుకొని, మా సీమలోని క్రైస్తవుల వాడలకు నీటి సాయమెట్లు చేయవలయునో విచారింతము.

మా పెదపారుపూడి గుడివాడ చెంత, కృష్ణా డెల్టాలోనిది. 1855లో బెజవాడకడ ఆనకట్ట ముగిసినది మొదలు, 1957లో ప్రకాశము బారేజి వచ్చిన పిదపను, ఈ సీమకు కాలువ నీరే ప్రాణము. పచ్చని వరిచేలను జూచినవారు మీకు నీటి కఱవేమియందురు. కాని యీ నేలలో చాలభాగ మొకప్పుడు సముద్రము విడిచినది. గుడివాడనుండి బందరు, దివిసీమల వఱకు పెక్కుచోట్ల నూతినీరు ఉప్పన. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. అంతకు ముందుగా నింపుకొనిన చెరువే దిక్కు. చెరువు తరిగినకొలది చివరి కొళాయికి ధార సన్నగిల్లును. ఆ చివరి కొళాయి తఱచుగా ఊరి చివరి వాడలోనిదే యగును.

అట్టి వాడలలో క్రైస్తవ కుటుంబములు పెక్కు. 1841లో రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు అను మిషనరీలు బందరునకు వచ్చిరి. తరువాతి తరములలో పల్లెలయందు ఆ మతమును స్వీకరించినవారిలో నధికులు, ఊరి నూతిలో చేదవేయ ననుమతిలేని మాల మాదిగ కుటుంబములవారు. మతము మారెను గాని వాడ మారలేదు, నీటిరేవును మారలేదు. 1924లో మదరాసు శాసనసభయందు ఆర్. శ్రీనివాసన్ గారి తీర్మానము నెగ్గి, ప్రజల నూతులు, చెరువులు అందఱివియని స్థిరపడెను. అయినను 1985 జూలైలో చీరాల చెంత కారంచేడున, మంచినీటి చెరువును పాడుచేయవలదన్న మాటపై పుట్టిన తగవు మఱునాడే ఆరుగురు మాదిగల ప్రాణములు గొనెను. నీళ్లకు పోయిన స్త్రీ యడ్డుచెప్పుటయే నేరమయ్యెను. మఱియొక చిక్కు గలదు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు వలన క్రైస్తవులకు షెడ్యూల్డు కులముల హోదా లేదు. ఒకే వీధిలో, ఒకే కొళాయికడ నిలుచువారు కాగితముపై రెండు వర్గములైరి.

కావున ధర్మాత్ముల సాయ మవసరమే. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచి, వేలకొలది జనులను పొట్టనబెట్టుకొనెను. అప్పుడు సాయపడిన సంస్థలలో క్రైస్తవ సంఘములవారి కాసా యొకటి. అది పిమ్మట తీరమున తుపాను రక్షణగృహములను గూడ కట్టించెను. మతము, కులము చూడక సాయము చేయుట దాని నియమము. ఇది మాకు మిక్కిలి మెచ్చదగినదిగా దోచుచున్నది. క్రైస్తవుల పేర వచ్చిన నీరైనను వాడయంతటికి నందవలయును. లేకున్న పాత గోడ పోయి క్రొత్త గోడ లేచును.

దాతలు తలచవలసినది మఱియొకటి గలదు. రాతినేలలో బోరు త్రవ్వించుట పుణ్యము. ఉప్పునేలలో నది వట్టి ఖర్చు. పైపొరలో తీపినీరు కొంత యున్నను, మితిమీఱి తోడిన క్రింది యుప్పు పైకి వచ్చును. కాచినను, ఇసుకలో వడకట్టినను ఉప్పు పోదు. ఉప్పును తీయు యంత్రములు గలవు గాని, వానికి కరెంటు, మరమ్మతు ఎల్లకాలమును కావలయును. కొంత నీరు వృథాగా పోవును. మా సీమకు తగినది మంచినీటి చెరువును లోతుచేయించి గట్టు కాపాడుట, ఇసుక వడపోత మడుగులను వేళకు శుభ్రపఱచుట, గొట్టమును చివరి యింటి దాక వేయించుట.

వాననీటిని గూడ మఱువరాదు. ఇరువది చదరపు మీటర్ల డాబాపై ఒక్క సెంటీమీటరు వాన కురిసిన 200 లీటర్లు వచ్చును. ఐదుగురున్న యింట త్రాగుటకు, వంటకు దినమునకు 25 లీటర్ల చొప్పున మూడు నెలలకు 2250 లీటర్లు చాలును. తొలివాన నీటిని వదలివేసి, మూతగల తొట్టిలో పట్టిన, ఇంటిల్లిపాదికి వేసవి గడచును.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మనిషికి దినమునకు 55 లీటర్లని నిర్ణయించెను. అనగా ఐదుగురికి 275 లీటర్లు. పదునైదు లీటర్ల బిందెతో మోసిన పదునెనిమిది మార్లకు పైగా నడక. ఆ నడక నడచునది మన తోడి స్త్రీలే. కావున తాళముచెవి, మరమ్మతు సొమ్ము, నీరు వదలు వేళ వారి చేతనే యుంచవలయును. ఏ కొళాయి ఎన్నడు ఆగునో బిందె మోయువారికంటె నెవరికి తెలియును?

సోదరీమణులారా! మీ యూరి చివరి వాడకు వేసవిలో నొకమారు పోయి, కొళాయి ధారను కన్నులార చూడుడు. చందా నిచ్చుటకు ముందు అచటి స్త్రీలను, ఏమి కావలయునని యడుగుడు. ట్యాంకరు నీరు ఒక దినము దప్పి తీర్చును. చెరువులో సరిపాలు తరతరముల దప్పి తీర్చును. అట్టి దానమే సంతానమువలె నిలుచును.