గ్రీన్‌మ్యాట్ మీద మొలిచిన పాపాల పట్నం

బేసిన్ సిటీలో పగలనేది అరుదు. వాన మొదలైతే ఆగదు. ఊరిని ఏలేది రోర్క్ కుటుంబం. అన్నదమ్ముల్లో ఒకడు సెనేటర్, ఇంకొకడు కార్డినల్. పోలీసుల్లో చాలామంది వాళ్లు చెప్పినట్టు నడుచుకునేవాళ్లే. ఓల్డ్‌టౌన్‌లో మాత్రం ఖాకీ పెత్తనం చెల్లదు. అక్కడ న్యాయం, శిక్ష, తుపాకులు అన్నీ వేశ్యల చేతుల్లోనే. ఊరి బయట ఒక ఫామ్‌హౌస్ ఉంది. అక్కడికి తీసుకెళ్లిన ఆడపిల్లలు తిరిగిరారు. శవాలు మాయం చేయాలంటే తారు గుంటలున్నాయి.

ఫ్రాంక్ మిల్లర్ 1991లో కామిక్స్ కోసం గీసుకున్న ఊరిది. 2005లో ‘సిన్ సిటీ’ పేరుతో తెరకెక్కింది. కథలో ఆ ఊరు ఎక్కడుందో ఎవరూ చెప్పరు గానీ, సినిమాలో దాని చిరునామా పక్కాగా చెప్పొచ్చు: టెక్సస్ రాష్ట్రం, ఆస్టిన్ నగరం, పాత మ్యూలర్ విమానాశ్రయం. 1930లో తెరిచిన ఆ విమానాశ్రయం 1999లో మూతపడింది. విమానాలు పోయాక మిగిలిన షెడ్లలో దర్శకుడు రాబర్ట్ రోడ్రిగ్జ్ తన ట్రబుల్‌మేకర్ స్టూడియోస్ పెట్టుకున్నాడు. గచ్చిబౌలి అల్యూమినియం ఫ్యాక్టరీలో సెట్లు వేసిన మనవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. ఎత్తయిన కప్పు, అడ్డులేని నేల ఉంటే సినిమావాళ్లకు ఇంకేం కావాలి?

అసలు తిప్పలు మిల్లర్‌ను ఒప్పించడంలోనే వచ్చాయి. రోబోకాప్ సీక్వెల్స్‌కు రాసి చేతులు కాల్చుకున్న మనిషి, తన బొమ్మలను హాలీవుడ్‌కు ఇవ్వనన్నాడు. రోడ్రిగ్జ్ మాటలతో పని పెట్టుకోలేదు. మిల్లర్‌ను ఆస్టిన్‌కు పిలిపించి, జాష్ హార్ట్‌నెట్, మార్లీ షెల్టన్‌లతో ఒక చిన్న కథను ఒక్క రోజులో తీసి చూపించాడు. ఇప్పుడు సినిమాలో మొదట వచ్చే సన్నివేశం అదే. పైగా మిల్లర్‌ను సహదర్శకుణ్ణి చేశాడు. దర్శకుల సంఘం కుదరదంటే, సంఘానికే రాజీనామా ఇచ్చాడు. తన ‘కిల్ బిల్ 2’కు రోడ్రిగ్జ్ ఒక్క డాలరుకు సంగీతం ఇచ్చిన బాకీ తీర్చుకోవడానికి దర్శకుడు టరంటీనో వచ్చి, అదే ఒక్క డాలరుకు ఒక సన్నివేశం తీసిపెట్టాడు.

వీధులు, మేడలు, వాన, మంచు దాదాపు అన్నీ కంప్యూటర్ గ్రాఫిక్స్. నటులు గ్రీన్‌మ్యాట్ అనే పచ్చని తెర ముందు నిలబడి లేని గోడలకు ఆనుకున్నారు. చేత్తో కట్టిన సెట్లు వేళ్లమీద లెక్కపెట్టేన్ని, వాటిలో ముఖ్యమైనది కేడీస్ బార్. కథలన్నిట్లోని మనుషులూ ఏదో ఒక రాత్రి వచ్చిపోయే చోటు కాబట్టి దాన్ని నిజంగా కట్టడం తెలివైన పని. మార్వ్‌గా మికీ రూర్క్, కెవిన్‌గా ఎలైజా వుడ్ తెరమీద చచ్చేలా కొట్టుకుంటారు. షూటింగ్‌లో మాత్రం వాళ్లిద్దరూ కలిసిందే లేదు. ఎవరి డేట్లు వాళ్లవి, కలిపింది కంప్యూటర్. పసుపు రంగు దుర్మార్గుడికి వేసిన మేకప్ నీలిరంగు. పసుపు వేస్తే గ్రీన్‌మ్యాట్‌తో కలిసి తేడా చేస్తుందని తర్వాత రంగు మార్చారు. అంతా రంగుల్లో తీసి, ఆ తర్వాత నలుపు తెలుపుల్లోకి దించి, ఒక పెదవికో గౌనుకో మాత్రం ఎరుపు అట్టేపెట్టారు. నెత్తురు చాలాచోట్ల తెల్లగా చిమ్ముతుంది. అందుకే అంత హింసనూ కళ్లు తిప్పుకోకుండా చూడగలుగుతాం. అది ఈ సినిమా గొప్పతనం, దాని ప్రమాదం కూడా.

కేన్స్‌లో రోడ్రిగ్జ్‌కు సాంకేతిక పురస్కారం దక్కింది. 4 కోట్ల డాలర్ల ఖర్చుకు ప్రపంచవ్యాప్తంగా దాదాపు 16 కోట్లు వచ్చాయి. ఒక్క విషయంలో నాకు పేచీ ఉంది. ఈ ఊళ్లో మగవాళ్లకు గాయాలున్నాయి, గతం ఉంది, గొంతులో స్వగతం ఉంది. ఆడవాళ్లకు ఎక్కువగా దుస్తులు, కత్తులే ఉన్నాయి. గెయిల్ అనే పాత్రలో రొజారియో డాసన్ ఎంత నిప్పు రాజేసినా ఆ లోటు పూడలేదు.

మ్యూలర్‌లో ఇప్పుడు ఇళ్లు, చెరువు చుట్టూ పార్కు, పిల్లల ఆసుపత్రి వచ్చాయి. పాత కంట్రోల్ టవర్ ఇంకా ఉంది. 2014లో సినిమాకు అవే హంగులతో రెండో భాగం వచ్చింది, పెట్టిన డబ్బు కూడా రాలేదు. తొలిసారి కలిగిన విస్మయం తీరిపోయాక కథ ఒక్కటే మిగులుతుంది, రెండో భాగంలో అది పలచన. చూడదలిస్తే 2005 నాటిదే చూడండి, పిల్లలు నిద్రపోయాక.