డిగ్రీ పిల్లలకి పరిశోధన ఎందుకు?



పన్నెండో తరగతి అవగానే పిల్లల్ని చదువుకి ఇండియా పంపే మనలాంటి బహ్రెయిన్ తెలుగువాళ్ళకి, ఇల్లు మళ్ళీ కళకళలాడేది వేసవి సెలవుల్లోనే. హైదరాబాదులో బీఎస్సీ రెండో ఏడాది చదువుతున్న మా అమ్మాయి ఒక నవంబరులో ఫోను చేసి, "నాన్నా, ఈ వేసవికి రాను, ఏదైనా ల్యాబులో పనిచేస్తాను" అంది. వాళ్ళమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనేమో, "పరిశోధన పీహెచ్‌డీ వాళ్ళ పని కదమ్మా" అన్నాను.

అది నా తెలియనితనం. అమెరికాలో ఎంఐటీ 1969లోనే డిగ్రీ విద్యార్థుల్ని ప్రొఫెసర్ల పరిశోధనల్లో చేర్చుకునే పథకం మొదలుపెట్టింది. మన దేశంలోనూ బెంగుళూరు, ఢిల్లీ, అలహాబాదుల్లోని మూడు సైన్సు అకాడమీలు 2007 నుంచి కలిసి వేసవి ఫెలోషిప్పులు ఇస్తున్నాయి. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని. మార్కులతో పాటు, ఏం నేర్చుకోదలిచారో సొంత మాటల్లో రాయాలి, ఒక టీచరు సిఫారసు కావాలి. దరఖాస్తులు ముందు ఏడాది చివర్లోనే తీసుకుంటారు. వేసవి వచ్చాక వెతికితే లాభం లేదు.

అమ్మాయికి అప్పగించిన పని, చెరువు నీళ్ళలో ఫాస్ఫేటు కొలవడం. మందు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫేటు అంత ఎక్కువన్నమాట. మూడు వారాలు లెక్క కుదరలేదు. స్వచ్ఛమైన నీళ్ళు కూడా నీలంగా మారాయట! చివరికి దొరికింది కారణం: గాజుసామాను కడిగిన సబ్బుపొడిలోనే ఫాస్ఫేటు ఉంది. ఆ తర్వాత యాసిడ్‌తో కడిగి మళ్ళీ మొదలుపెట్టింది.

ఇలాంటి నీలిరంగు పద్ధతినే, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్కేతో కలిసి ప్రచురించారు. పెద్ద పరిశోధన అయినా మొదలయ్యేది సరైన కొలతతోనే.

ఆ ఏడు మాకు దక్కింది పదిరోజులే. కానీ వచ్చిన పిల్ల వేరు. ఏం చెప్పినా "ఎలా తెలుసు?" అని అడుగుతోంది!

కాబట్టి తల్లిదండ్రులకి నా మనవి. డబ్బిచ్చి రెడీమేడ్ ప్రాజెక్టులు కొనివ్వకండి. పిల్లలు ఇక్కడే సఖీర్‌లోని బహ్రెయిన్ యూనివర్సిటీలో చదువుతున్నా సరే, నచ్చిన పాఠం చెప్పే ప్రొఫెసరు దగ్గరికి వెళ్ళి, "మీ పనిలో ఏదైనా చిన్న సాయం చేస్తాను" అని అడగమనండి. కాదంటే ఇంకొకరిని అడగొచ్చు.

సెలవుల్లో పిల్లలు రాకపోతే బాధే. ఆ బాధ కాస్త ఓర్చుకుందాం.