మీకు తెలుసా? యూరప్ రాజధానుల్లో టికెట్ సంగతి

అన్నోజిగూడ నుంచి ఉప్పల్ చేరి మెట్రో ఎక్కేవారికి తెలిసిందే: లోపలికి వెళ్ళేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు కార్డు తాకించాలి. లండన్ అండర్‌గ్రౌండ్‌లోనూ అదే పద్ధతి. 1863 జనవరి 10న మొదలైన ఆ రైలే ప్రపంచంలో తొలి భూగర్భ మెట్రో. అక్కడి ఎర్ర బస్సులో మాత్రం ఎక్కేటప్పుడు ఒక్కసారి తాకిస్తే చాలు. చిల్లర పనికిరాదు, 2014 జులై నుంచి ఆ బస్సుల్లో నగదు తీసుకోవడం లేదు. మన బ్యాంకుల వీసా, మాస్టర్‌కార్డులు పనిచేస్తాయి, కానీ విదేశీ లావాదేవీలు, ట్యాప్ సదుపాయం రెండూ ఆన్‌లో ఉండాలి. రోజంతా ఒకే కార్డు వాడితే ఒక పరిమితి దాటాక ఇక చార్జీ పడదు. దంపతులైనా ఎవరి కార్డు వారికి ఉండాల్సిందే.

బెర్లిన్ మెట్రోలో అసలు గేట్లే ఉండవు. అక్కడే కొత్తవాళ్ళు చిక్కుకుంటారు. కాగితం టికెట్టు మీద ముద్ర లేకపోతే యంత్రంలో పెట్టి వేయించుకోవాలి. మరచిపోయి తనిఖీలో దొరికితే జరిమానా 60 యూరోలు.

ఇక లక్సెంబర్గ్! 2020 ఫిబ్రవరి 29 నుంచి దేశమంతటా బస్సు, ట్రామ్, రెండో తరగతి రైలు ఉచితం. 2023 డిసెంబర్ 9న మొదలైన మన మహాలక్ష్మి ఉచిత బస్సు పథకం తెలంగాణ మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకే. అక్కడైతే పర్యాటకులకూ టికెట్టు అక్కర్లేదు.

పిల్లల దగ్గరికి బయలుదేరే తల్లిదండ్రులూ, విమానం ఎక్కకముందే బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులు సరిచూసుకోండి.