గాయాలపై పోసిన ద్రాక్షారసం

అమెరికాలోని వాషింగ్టన్‌లో నివసించిన రాబర్ట్ రాండల్‌కు యవ్వనంలోనే గ్లకోమా సోకింది. చూపు ఎంతోకాలం నిలవదని వైద్యులు చెప్పారు. గంజాయి పొగ తాగితే కంటి ఒత్తిడి తగ్గుతోందని ఆయన గమనించాడు. ఇంట్లో ఆ మొక్కలు పెంచినందుకు 1975లో అరెస్టయ్యాడు. మత్తు కోసం కాదు, చూపు కోసమేనన్నది ఆయన వాదన. 1976లో న్యాయస్థానం దాన్ని అంగీకరించి ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టింది. ఆపైన ప్రభుత్వమే మిసిసిపి విశ్వవిద్యాలయంలో పండించిన గంజాయిని ఆయనకు మందుగా ఇచ్చింది!

తనకు దొరికింది చాలని రాండల్ ఊరుకోలేదు. భార్య ఆలిస్‌తో కలిసి తోటి రోగుల కోసం పోరాడాడు. అయితే ఎయిడ్స్ రోగుల దరఖాస్తులు వెల్లువెత్తడంతో 1992లో ప్రభుత్వం కొత్తవారికి తలుపు మూసేసింది. 1996లో కాలిఫోర్నియా ప్రజలు తమ ఓటుతో రోగులకు మరో తలుపు తెరిచారు.

గంజాయి సర్వరోగ నివారిణి కాదు. దాని ప్రభావం కొన్ని గంటలే ఉంటుంది గనుక గ్లకోమాకు కంటి వైద్యులు నేడు దాన్ని సిఫారసు చేయరు. కానీ ఆ మొక్క నుంచి తీసిన మందుకు పిల్లల్లో వచ్చే కొన్ని తీవ్రమైన మూర్ఛవ్యాధుల చికిత్స కోసం 2018లో అమెరికా ఆమోదం లభించింది.

అక్కడి ఎపిస్కోపల్ సంఘం 1982లో, ప్రెస్బిటేరియన్ సంఘం 2006లో రోగుల పక్షాన తీర్మానించాయి. ఇది మత్తును సమర్థించడం కాదు. తాగుబోతుతనాన్ని ఖండించే బైబిలులోనే మంచి సమరయుడు గాయపడినవాని గాయాలపై నూనెతోపాటు ద్రాక్షారసం కూడా పోశాడు. ఆ సీసాలో ఏముందని కాదు, దారిన పడివున్నవాడు మనకు నేరస్థుడా, పొరుగువాడా అన్నదే ప్రభువు అడిగే ప్రశ్న.