ఇద్దరికీ ఒక ఆదివారం: సంగనకల్లు నుంచి దరోజీ దాకా

చుట్టాలొస్తే మనం హంపికి తీసుకెళతాం. ఎన్నిసార్లు వెళ్లామో లెక్కే లేదు. వాళ్లను రైలెక్కించాక మళ్లీ ఇల్లు, మార్కెట్టు, టీవీ. పిల్లలు బెంగళూరు, హైదరాబాదు చేరి, భార్యాభర్తలిద్దరే మిగిలిన ఇళ్లు మన సభ్యుల్లో చాలా ఉన్నాయి. అలాంటివారు పొద్దున బయలుదేరి రాత్రి భోజనానికి ఇల్లు చేరగల దారి ఒకటుంది.

ముందు సంగనకల్లు, దాని పక్కనే కుప్పగల్లు. ఊరికి పది కిలోమీటర్ల లోపే. ఎండెక్కక ముందే గుట్ట ఎక్కాలి కాబట్టి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కట్టించుకుని వెళ్లండి. పైన నీళ్లు దొరకవు, నీడా తక్కువే. ఈ గుట్టల మీద మూడు, నాలుగు వేల ఏళ్ల కిందట మనుషులు పశువులు మేపుకుంటూ, రాతి గొడ్డళ్లు తయారు చేసుకుంటూ బతికారు. గొడ్డళ్లు నూరిన గాడులు బండల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లోనే ఈ చోటును గుర్తించాడు. కుప్పగల్లు వైపు నల్లరాతి వరస మీద మూపురాల ఎద్దులు, మనుషుల బొమ్మలు వందల కొద్దీ చెక్కి ఉన్నాయి. అన్నిటికన్నా వింత, అక్కడి కొన్ని బండలను రాయితో తడితే గంటలా మోగుతాయి. తట్టీ తట్టీ పడిన గుంటలు చూస్తే ఆ కాలం వాళ్లు పనిగట్టుకుని మోగించారని తెలుస్తుంది. 2004లో నికోల్ బోయివిన్ అనే పరిశోధకురాలు వీటి గురించి రాశాక బయటి దేశాల పత్రికల్లోనూ వచ్చింది. మనలో విన్నవారెందరు?

ఇప్పుడే వెళ్లమనడానికి కారణం ఉంది. ఆ రాయి కంకరకు పనికొస్తుంది. కొన్ని బొమ్మలు క్వారీల పాలై ఇప్పటికే పోయాయి. గుడి కూలితే మళ్లీ కట్టుకోవచ్చు. ఈ బండ పిండయితే చేసేదేమీ లేదు. చూసినవాళ్లే అడగగలరు కదా. బొమ్మల మీద సుద్దతో గీయకండి, పేర్లు చెక్కకండి. మోకాళ్లు సహకరించనివారు గుట్ట మానేసి, ఊళ్లోనే ఉన్న బ్రూస్ ఫూట్ పేరిటి సంగనకల్లు పురావస్తు ప్రదర్శనశాల చూడవచ్చు.

కోట సంగతి అందరికీ తెలిసిందే. ఎదురు గుట్ట కోటకన్నా ఎత్తని తేలాక హైదరాలీ తన ఫ్రెంచి ఇంజనీరును ఉరి తీయించాడన్న కథ మన తాతలూ చెప్పారు. దాన్ని ఇంకో రోజుకు ఉంచుకోండి.

మధ్యాహ్నం కుడితిని మీదుగా దరోజీ. కుడితిని దగ్గర బూడిద దిబ్బ ఒకటుంది, ఆగి చూడండి. ఆ పాతకాలపు పశుపాలకులు పేడ కుప్పలు పోసి కాల్చగా మిగిలిన బూడిద అది. హంపి పక్క నింబాపురంలో ఇలాంటి దిబ్బనే వాలిని దహనం చేసిన చోటని చెబుతారు.

దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యం 1994లో ఏర్పడింది. ఇక్కడ కాపలా గోపురం మీంచి చూడాలే గాని అడవిలోకి నడవడం లేదు. ఎదురుగా ఉన్నది కరడికల్లు గుడ్డ. కన్నడంలో కరడి అంటే ఎలుగే. పేరులోనే విలాసం ఉంది. సాయంత్రం బండల మీదికి ఎలుగులు దిగుతాయి, ఒక్కోసారి పిల్లలను వీపు మీద ఎక్కించుకుని. చెదలు, చీమలు, పండ్లు, తేనె వాటి తిండి. మాటలు వినబడితే వెనక్కి తిరుగుతాయి కనుక ఫోను మోగకుండా చూసుకోండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. సాయంత్రమే గేటు మూసేస్తారు, వేళలు ముందే కనుక్కుని మధ్యాహ్నం మూడు కల్లా చేరండి.

ఎలుగులు దూరంగా ఉంటాయి, బైనాక్యులర్ తప్పనిసరి. ఇద్దరికీ ఒకటే ఉంటే ముందు ఆవిడకివ్వండి.