రాగిరేకు నుండి రోగిపలక వరకు

రాజంపేటకు చేరువనున్న తాళ్లపాక గ్రామము తెలుగువారికి అన్నమాచార్యుని ప్రసాదించినది. 1408 నుండి 1503 వరకు జీవించిన ఆ వాగ్గేయకారుడు 32,000 సంకీర్తనములు రచించెనని ప్రతీతి. నేడు లభించునవి 12,000కు పైబడి యున్నవి. తాటియాకులనే నమ్ముకొని యుండినచో ఇన్ని మిగిలెడివి కావు. కుమారుడు పెదతిరుమలాచార్యుని కాలమున వానిని రాగిరేకులపై చెక్కించిరి, అందుచేతనే నిలిచినవి. కాని నిలిచినంత మాత్రమున లోకమునకు దక్కలేదు. తిరుమల ఆలయమునందలి భాండారమున శతాబ్దులపాటు చదువువారు లేక పడియున్నవి. 20వ శతాబ్దిలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతులు పరిష్కరించి ప్రకటించిన పిమ్మటగాని జనుల నోటికి ఎక్కలేదు.

వ్రాత చెడకుండుట యొకటి. చదువవలసినవాని చేతికి చేరుట వేరొకటి. ఈ రెండు ధర్మములును నేడు ఆ సీమలోనే, సంగీతసాహిత్యములతో సంబంధము లేని మరియొక వ్రాతకు ప్రాణావసరములైనవి. అది అంబులెన్సులో రోగిని గూర్చి వ్రాయు వ్రాత.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైనది. ఈ వాహనమున సాధారణముగా ఇద్దరుందురు. నడుపువానికి పైలట్ అని పేరు. వెనుకభాగమున రోగి చెంత నుండునది అత్యవసర వైద్య సాంకేతికుడు. అందరును వ్యవహరించు పేరు ఈఎంటీ. అతడు నాడి చూడవలెను, రక్తపుపోటు కొలువవలెను, ప్రాణవాయువు అందింపవలెను, కేంద్రమునందలి వైద్యునితో ఫోనులో మాటలాడి సలహా గైకొనవలెను, బెదరిన బంధువులను ఊరడింపవలెను. ఇవన్నియు చేయుచునే, కుదుపులలో, చేతితొడుగులతో, ఒక పత్రమును నింపవలెను. పిలుపు ఎప్పుడు వచ్చినది, వాహనము ఎప్పుడు చేరినది, రోగి అప్పుడెట్లుండెను, ఏ మందు ఏ నిమిషమున ఇచ్చిరి — ఇదియే ఆ పత్రమునందలి విషయము.

రాజంపేట వంటి చోట ఈ పత్రమునకు విలువ హెచ్చు. స్థానికమైన ప్రభుత్వాసుపత్రిలో చికిత్సకు లొంగని రోగమైనచో ఉత్తరముగా 50 కిలోమీటర్లకు పైబడి కడపకో, దక్షిణముగా 80 కిలోమీటర్లకు పైబడి తిరుపతికో పోవలెను. తిరుపతి మార్గము కోడూరు మీదుగా శేషాచలపు అడవుల యంచున సాగును. ఇంతసేపు రోగి దేహమున జరుగు మార్పులను కన్నులార చూచువాడు ఈఎంటీ ఒక్కడే. అతడు చూచినది ఆసుపత్రి గుమ్మము కడ వైద్యునికి అందనిచో ఆ కాలమంతయు రోగి జీవితము నుండి చెరిపివేసినట్లే.

ఒక ఉదాహరణము చూడవచ్చును. తలకు దెబ్బ తగిలినవాని స్మృతిని కొలుచుటకు 1974లో గ్లాస్గో నగరమునందలి టీజ్‌డేల్, జెన్నెట్ అను వైద్యులిరువురు ఒక కొలమానమును ప్రకటించిరి. కన్ను తెరచుట, మాటలాడుట, అవయవములు కదల్చుట — ఈ మూడింటికిని మార్కులు వేయుదురు. కనిష్ఠము 3, గరిష్ఠము 15. రాజంపేటలో వాహనమెక్కునప్పుడు 14 ఉన్న మనిషికి కోడూరు దాటునప్పటికి 12, తిరుపతి చేరునప్పటికి 9 వచ్చినదనుకొనుడు. చివరి అంకె మాత్రమే తెలిసిన వైద్యునికి రోగి స్పృహ తగ్గియున్నాడని మాత్రమే తెలియును. మూడంకెలును వరుసగా చూచిన వైద్యుడు పుర్రెలోపల రక్తస్రావము పెరుగుచున్నదేమోయని తక్షణమే శంకించును. పక్షవాతమునందును ఇంతియే. రక్తపుగడ్డను కరిగించు మందును లక్షణములు తోచిన 4½ గంటలలోపల ఈయవలెననుట వైద్యుల సాధారణ నియమము. రోగి చివరిసారి ఆరోగ్యముగా ఎప్పుడు కనబడెనో ఇంటివారినడిగి వ్రాసికొనని యెడల, మందుండియు ఈయలేని దుఃస్థితి కలుగవచ్చును.

ఈ పనికి కాగితము చాలక పలువురు పలకను ఆశ్రయించుచున్నారు. బడిపిల్లల చేతి పలకవలెనే యుండు టాబ్లెట్టు ఇది. కాని బజారులో దొరకు నాజూకు టాబ్లెట్టు అంబులెన్సులో ఎక్కువ కాలము బ్రతుకదు. అందుకై మొరటు దెబ్బలకు తాళు పలకలను ప్రత్యేకముగా నిర్మించుచున్నారు. వాని పరీక్షా విధానము గణిత విద్యార్థులకు ముచ్చట గొలుపును. 1962లో తొలిసారి వెలువడిన అమెరికా సైనిక ప్రమాణము 810ని అనుసరించి వస్తువును 26 మారులు క్రింద పడవేయుదురు. ఈ సంఖ్య ఎట్లు వచ్చినది? ఇటుక ఆకారము గల వస్తువునకు ముఖములు 6, అంచులు 12, మూలలు 8; కూడినచో 26. ఎటు పడినను పగులరాదన్నమాట. ఎత్తు సాధారణముగా 4 అడుగులు. ఇక ఐపీ 65 అను గుర్తున్నచో, మొదటి అంకె 6 దుమ్ము చొరదనియు, రెండవ అంకె 5 నీటిధార తగిలినను చెడదనియు తెలుపును.

రాయలసీమకు ఈ గుణములన్నియు అవసరమే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. నిలిపియుంచిన వాహనములోపల వేడి అంతకు మించును. మిట్టమధ్యాహ్నమున రోడ్డుప్రక్క నిలిచి చదువుటకు తెర మిక్కిలి వెలుగు గలదై యుండవలెను. తడిసిన చేతితొడుగుతో తాకినను పలుకవలెను. ప్రతి రోగి దిగిన తరువాత క్రిమినాశక ద్రవముతో తుడిచినను చెడిపోరాదు. నీటి మాట చెప్పవలసిన పనియే లేదు. 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి గ్రామములను ముంచిన వరదను రాజంపేటవారు మరచియుండరు. అట్టి దినమున జేబులోని కాగితమేమి నిలుచును?

ఇంతవరకు చెప్పినది రాగిరేకు గుణము. రెండవ గుణము చేరుట. అడవి మార్గమున ఫోను సంకేతము అందని తావులుండును. మంచి పలక అట్టి చోట వ్రాతను తనలో దాచుకొని, సంకేతము అందగనే ఆసుపత్రికి పంపును. నాడిని, ప్రాణవాయువును కొలుచు యంత్రములను దానితో జోడించినచో అంకెలు గడియారముతో సహా తమంతట తామే ఎక్కును. ఈఎంటీ చేతులు రోగికి మిగులును. రోగి చేరకమునుపే వైద్యుడు సిద్ధపడవచ్చును.

2020 జూలై 1న విజయవాడలో 108, 104 సేవలకై 1,088 వాహనములను ప్రారంభించినప్పుడు, అంబులెన్సులకు కెమెరాలును, వాహనముండు తావును తెలుపు సాధనములును, మొబైల్ డేటా టెర్మినళ్లును అమర్చిరి. వాహనమెచట నున్నదో తెలియుట యొక మెట్టు. అందలి మనిషి ఎట్లున్నాడో తెలియుట అంతకంటె పై మెట్టు. 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తముగా ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ప్రతి పౌరునికి 14 అంకెల ఆరోగ్య సంఖ్యను పొందు వీలు కల్పించినది. ఆ సంఖ్యతో ముడిపడినచో దారిలోని వ్రాత రోగి పూర్వచరిత్రలో నొక పుట కాగలదు.

అయితే పలకకును దోషములున్నవి. తెర మీద చూపు నిలిపినవానికి రోగి ముఖము మరుగగును. గడులు నింపుటయే పని యనుకొన్నచో తొందరలో తప్పంకె పడును. అచ్చులో నున్న తప్పు చేతివ్రాతలోని తప్పుకంటె ఎక్కువ నమ్మకము పుట్టించును. రోగి రహస్యములు పరుల కంట పడకుండ తాళము వేయవలెను. వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు 2023లో చట్టమును చేసినది. అన్నింటికంటె ముఖ్యమైనది, అవతలి కొనయందు చదువువాడుండుట. అంబులెన్సు పంపిన వ్రాతను ఆసుపత్రిలో నెవరును తెరచి చూడక, రోగి బంధువునే మరల మొదటినుండి ప్రశ్నించినచో, ఎంత విలువైన పలకయైనను భాండారములో మూతపడిన రాగిరేకుతో సమానము.

కావున పలకలు కొనుటతో పని తీరదు. ఈఎంటీకి వ్రాయు శిక్షణ ఎంత అవసరమో, ఆసుపత్రి గుమ్మము కడ దానిని చదువుటకొక మనిషిని నియమించుట అంత అవసరము. తాళ్లపాకవారి రేకులు చదువరికై వేచియుండగలిగినవి. పాటకు ఆ ఓపిక కలదు. తిరుపతి దారిలో పోవు రోగికి లేదు.